కరుపట్టి కరిగేదాకా

ఆయన పోయాడన్న కబురు వచ్చినప్పుడు నా నోట్లో కరుపట్టి ముక్క ఉంది.

పోయిన వారం సంగతి ఇది. మా కోవిల్‌పట్టి మిల్లులో బాయిలరును ఏడాదికొకసారి చల్లార్చి, లోపలి మసి గీకి, మళ్లీ వెలిగిస్తాం. ఆ మధ్యాహ్నానికి గీకడం పూర్తయింది. నేనూ, ఫైర్‌మన్ గురుసామీ బర్నరు ముందు నిలబడ్డాం. పొగదారి తలుపు బార్లా తెరిచి ఉంది. నూనె వాల్వు మూసి ఉంది. గురుసామి చేతిలో కిరసనాయిలు గుడ్డ చుట్టిన ఇనుప కడ్డీ ఉంది కానీ దాన్ని ఇంకా వెలిగించలేదు. ఇద్దరి నోళ్లలోనూ తలా ఒక తాటిబెల్లం ముక్క. మా వైపు దాన్ని కరుపట్టి అంటారు. దాన్ని కొరకకూడదు, చప్పరించకూడదు. అది తనంతట తాను కరిగేదాకా మా బాయిలరు గదిలో ఎవరూ నిప్పు అంటించరు. మాట్లాడితే త్వరగా కరిగిపోతుంది గనక మాట్లాడరు కూడా.

సరిగ్గా అప్పుడే విరుదునగర్ నుంచి పత్తి బేళ్లు తెచ్చిన బండివాడు గుమ్మంలో నిలబడి, "అణ్ణా, మీ బర్నరు మామ పోయినాడంట. మొన్న తెల్లారి, నిద్దర్లోనే" అన్నాడు. మేమిద్దరం గుడ్లప్పగించి చూశాం తప్ప నోరు విప్పలేదు. అతను మమ్మల్ని ఎగాదిగా చూసి, వీళ్లేం మనుషులు అనుకున్నాడో ఏమో, ఎద్దుల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ కరుపట్టి కట్టుబాటు పెట్టింది ఆయనే. ఆయన చావు కబురుకి కూడా మేం దాన్ని తప్పలేదని తెలిస్తే సంతోషించేవాడు.

మా బర్నరు గురించి రెండు మాటలు చెప్పకపోతే ఆయన అర్థం కాడు. పైన దూలాల మీద ఒక ఇనుప తొట్టి, దాన్నిండా నల్లటి చిక్కటి నూనె. అది తన బరువుకు తానే గొట్టంలో కిందికి దిగుతుంది. కింద ఆవిరి దాన్ని తుంపర్లు చేసి పొయ్యిలోకి చిమ్ముతుంది. ఆ మంట మీదే బాయిలరు, ఆ బాయిలరు మీదే మిల్లు మొత్తం. మంట ఉన్నంతసేపూ దిగుల్లేదు. అది ఆరిపోయి నూనె మాత్రం కారుతూ ఉంటే, కాలి ఉన్న ఇటుకల మీద ఆవిరై పొయ్యి నిండా కమ్ముకుంటుంది. అప్పుడు తొందరపడి కాగడా పెట్టినవాడికి ముఖం మిగలదు.

ఆయనకు ఎడమ కనుబొమ్మ లేదు. ఎవరైనా అడిగితే "ఒకతూరి తొందరపడితిని" అనేవాడు, అంతకుమించి చెప్పేవాడు కాదు. ఆ రోజు పక్కన నిలబడిన ఆయన తమ్ముడికి రెండు కళ్లూ పోయాయని నాకు చాలా కాలానికి వేరేవాళ్లు చెప్పారు.

విరుదునగర్‌లో ఆయన ఇల్లు. చుట్టుపక్కల మిల్లుల్లో ఎక్కడ బర్నరు మొరాయించినా ఆయనకే కబురు వెళ్లేది. తెల్లటి పంచె కట్టుకుని, గుడ్డ సంచి ఒకటి చంకలో పెట్టుకుని రైలు దిగేవాడు. నూనె మసి మధ్య తిరిగే మనిషి పంచె మీద ఒక్క మరక ఉండేది కాదు. అదెలా సాధ్యమని నేనొకసారి అడిగితే "చెయ్యి పెట్టేదానికి ముందు యాడ పెట్టాలో చూస్తే సరిపోతాది" అన్నాడు. అప్పటికి నా చొక్కా మీద వేలెడంత తెల్ల చోటు కూడా లేదు. ఆయన దాన్ని చూశాడు కానీ ఏమీ అనలేదు. ఎప్పుడూ అంతే, అనాల్సింది అనకుండా చంపేవాడు.

వచ్చీ రాగానే యంత్రాన్ని ముట్టుకునేవాడు కాదు. చెంబెడు నీళ్లు అడిగి తాగి, చేతులు కడుక్కుని, బర్నరుకు వీపు పెట్టి పీట మీద కూర్చునేవాడు. మంటను చూడడానికి వచ్చినవాడు మంటకు వీపు చూపించడమేమిటని మేనేజర్లకు ఒళ్లు మండేది. ఆయన చెవులతో పని చేస్తున్నాడని వాళ్లకేం తెలుసు. కాసేపయ్యాక సంచిలోంచి సన్నటి ఇత్తడి కడ్డీ తీసి, ఒక కొస వాల్వు మీద ఆనించి, రెండో కొస చెవి వెనక ఎముకకు ఆనించి కళ్లు మూసుకునేవాడు. నూనె నడుస్తుందో తడబడుతుందో ఆయనకు అలా తెలిసేది. నేను కూడా ఒకసారి ఆనించి చూశాను. నాకు నా గుండె చప్పుడు తప్ప మరేమీ వినపడలేదు.

ఆయన రాకముందే మేం అన్నీ విప్పి తుడిచి పెడితే మాత్రం కోపం వచ్చేది. "దొంగ పోయినాక వాకిలి కడిగి ముగ్గేస్తిరా? ఇంగ అడుగు జాడ యాడ వెతకేది?" అనేవాడు. ఆయన గొంతు పెరగడం ఆ సందర్భంలో తప్ప నేను వినలేదు.

ఇదంతా తొమ్మిదేళ్లనాటి మాట. అప్పుడు నేను బాయిలరు గదిలో నూనె మనిషిని. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నిచ్చెనెక్కి తొట్టి మూత విప్పి, చేతి పంపుతో నూనె నింపి, మళ్లీ మూత బిగించడం నా పని. దూది నుసి లోపల పడకుండా ఆ మూతను తోలు పట్టీ వేసి గట్టిగా బిగించేవాళ్లం. పెళ్లై ఏడాది కూడా కాలేదు. నోటి దురుసు, చేతి దురుసు రెండూ ఉండేవి.

ఆ ఏడు ఆయుధపూజ అయిన మర్నాటినుంచి మంట ఆరిపోవడం మొదలైంది. రోజూ మధ్యాహ్నమే. సన్నబడి, వణికి, టప్పున ఆరేది. ఆవిరి పడిపోయి యంత్రాలు ఒకటొకటే ఆగిపోయేవి. మేం జల్లెడ విప్పాం, వాల్వు విప్పాం, చిమ్మే ముక్కు విప్పాం. ఎక్కడా ఏమీ లేదు. మళ్లీ వెలిగిస్తే బాగానే మండేది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అదే కథ.

మధ్యాహ్నం పాళీ గురుసామిది. పూజకు ముందు సెలవు విషయంలో మేనేజరుకీ అతనికీ పెద్ద గొడవైంది. దానితో మేనేజరు ఒక నిర్ణయానికి వచ్చేశాడు. పొద్దుటి పాళీలో ఆరని మంట వీడి పాళీలోనే ఎందుకు ఆరుతుంది, వీడే కక్షతో వాల్వు తిప్పుతున్నాడు అని. నాలుగో రోజున, సాయంత్రం హూటరు కూసేలోగా వేరే కారణం కనబడకపోతే గురుసామిని పోలీసు ఠాణాకు అప్పగిస్తానని అందరి ముందూ చెప్పాడు. గురుసామి భార్య గేటు బయట నిలబడి ఉంది, కడుపుతో ఉంది.

విరుదునగర్ మామ మధ్యాహ్నం రైలుకు వచ్చాడు. ఆయన గుమ్మంలో అడుగు పెట్టేసరికి మంట అప్పుడే ఆరింది. మేనేజరు తమిళంలో అరుస్తూ కాగడా వెలిగించమంటున్నాడు. నేను అలవాటు కొద్దీ నూనె నింపడానికి నిచ్చెన వైపు పరిగెత్తాను. ఆయన నా భుజం పట్టుకుని ఆపాడు.

"నూనె పోయొద్దు. అట్లే ఉండనీ" అన్నాడు.

తరువాత వాల్వు మూయించాడు, లోపల కమ్మిన ఆవిరి పోవడానికి పొగదారి తలుపు తెరిపించాడు. సంచిలోంచి కరుపట్టి ముక్క ఒకటి తీసి నోట్లో వేసుకుని, పొయ్యి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

మేనేజరుకు పిచ్చి కోపం వచ్చింది. తానే కాగడా అందుకుని వెలిగించి ముందుకు వచ్చాడు. ఆయన కదల్లేదు. చెయ్యి ఎత్తలేదు, మాట్లాడలేదు. దవడ ఒక పక్క ఉబ్బి ఉంది, లేని కనుబొమ్మ చోటు చెమటతో మెరుస్తోంది. కాగడా మంట ఆయన పంచెకు జానెడు దూరంలో ఉంది. మేనేజరు తిట్టిన తిట్లు నేనిక్కడ రాయను. ఆ గదిలో ఎనిమిది మందిమి ఉన్నాం, అందరి కళ్లూ ఆ ఉబ్బిన దవడ మీదే. ఒక బెల్లం ముక్క కరగడానికి అంత సేపు పడుతుందని ఆ రోజే తెలిసింది నాకు.

చివరికి ఆయన గుటక వేసి, మేనేజరు చేతిలోంచి కాగడా మర్యాదగా తీసుకుని గురుసామికి ఇచ్చాడు. "ఇంగ అంటించు" అన్నాడు.

పోలీసులకు అప్పగించబోతున్న మనిషి చేతికే కాగడా ఇవ్వడం అందరూ చూశారు. గురుసామి కాగడా లోపల పెట్టి వాల్వు తిప్పాడు. మంట అంటుకుంది కానీ సన్నగా, పాలిపోయి ఉంది.

ఆయన పీట వేసుకుని దానికి వీపు పెట్టి కూర్చుని నన్ను పిలిచాడు.

"మంట బాగా ఉండింది ఎప్పటిదాకా?"

"ఆయుధపూజకి ముందునాటిదాకా, మామా."

"పూజ నాడు?"

"ఆ పొద్దు మిల్లే లేదు కదా. అంతా చల్లగా ఉండె."

"ఎవురైనా ఏమైనా తాకిరా?"

"ఎవురూ ఏమీ తాకలేదు. పూజ చేస్తిమి, అంతే."

నేను అబద్ధం చెప్పలేదు. మా దృష్టిలో పూజ చేయడం తాకడం కిందికి రాదు.

"మంట ఆరితే నువ్వు ఏం చేస్తావు?"

"ఎమ్మటే పైకెక్కి నూనె పోస్తా."

"నూనె అయిపోయి ఉంటాదా?"

"లేదు, సగం ఉంటాది. ఎందుకైనా మంచిదని పోస్తా."

"పోసినాక?"

"బాగా మండుతాది."

ఆయన లేచాడు. "పద, పైకి పోదాం" అన్నాడు.

నిచ్చెన మీద ముందు నేను, వెనక ఆయన. పైన పొగ, ఉక్క. తొట్టి పక్క గాజు గొట్టంలో నూనె సగానికి దిగి ఉంది. ఆయన మూత మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచాడు. తరువాత నా చొక్కా మీదనుంచి దూది పీచు ఒకటి గిల్లి, మూత బోల్టులు కొంచెం సడలించమన్నాడు. సడలించాను. పీచును ఆ సందు దగ్గర పట్టుకున్నాడు. అది ఆయన వేళ్లలోంచి చటుక్కున జారి లోపలికి పోయింది. తొట్టి ఉస్సుమని గాలి పీల్చుకుంది. అదే క్షణంలో కింద మంట గుప్పుమంది, "వచ్చిందీ" అని గురుసామి కేక వినబడింది.

"పాపం, దానికి ఊపిరాడలే. నూనె కిందికి దిగాలంటే దాని చోటికి గాలి రావాల కదా. గాలి దారి యాడ?" అన్నాడు ఆయన.

గాలి దారి అంటే తొట్టి వెనక మూలన నిటారుగా నిలబడిన వేలెడు గొట్టం. నేను అటు తిరిగి చూపించబోయి ఆగిపోయాను. దాని మొన మీద నిమ్మకాయ ఉంది.

ఆయుధపూజ నాడు మేం యంత్రాలన్నిటికీ గంధం, కుంకుమ పెడతాం, పూలు చుడతాం. మొన ఉన్నదానికల్లా నిమ్మకాయ గుచ్చుతాం. పూజకు పెట్టింది తీయకూడదు, ఎండి దానంతట అది రాలాలి. ఆ కాయ వేడికి ఎండి, బిగుసుకుని, గొట్టానికి బిరడాలా పట్టేసింది. నాలుగు రోజులుగా నేను పూటపూటకీ దాని పక్కనే నిలబడి నూనె పోశాను. దాన్ని చూశాను కూడా. దేవుడికి పెట్టినదాని మీద ఎవడికి అనుమానం వస్తుంది? పైగా దాన్ని గుచ్చింది నేనే. మిల్లులో అన్నిటికన్నా ఎత్తైన మొన గదా, పుణ్యం ఎక్కువొస్తుందని పనిగట్టుకుని ఎక్కి మరీ గుచ్చాను.

"పూజ నాడు పైకి ఎక్కింది ఎవురు?" అని ఆయన మెల్లగా అడిగాడు.

నేను చెప్పలేదు. ఆయన నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, నిమ్మకాయను మెలితిప్పి ఊడదీసి, రొండిలో దోపుకున్నాడు. నిచ్చెన దిగుతున్నంతసేపూ నేను ఒకటే అనుకుంటున్నాను, కింద ఆయన నా పేరు చెప్తాడు, నా ఉద్యోగం ఈ రోజుతో సరి అని.

కింద మేనేజరు ఎదురుగా నిలబడ్డాడు. వాల్వు తప్పు లేదని, గురుసామి తప్పు అసలే లేదని ఆయన ముందు చెప్పాడు. గాలి గొట్టం మూసుకుపోయిందన్నాడు. ఎవరు మూశారని మేనేజరు అడిగాడు. నేను ఆయన వెనకే నిలబడ్డాను. ఒక్క అడుగు ముందుకు వేస్తే చాలు.

"ఈ తొట్టి కూర్చోబెట్టింది నేను. ఆయుధపూజ చేసే ఊర్లో గొట్టాన్ని మొన పైకి పెట్టి నిలబెడితే దానికి ఏదో ఒకటి గుచ్చుతారని నాకు తోచి ఉండాల. వంచి, మొన కిందికి పెట్టుండాల. తప్పు నాది" అన్నాడు ఆయన.

నేను అడుగు వేయలేదు.

తప్పు లేదని తేలి గురుసామిని ఆ పూటకు ఇంటికి పొమ్మన్నారు. మామను తొట్టి సరిగా కట్టలేదని అందరి ముందూ కడిగేశారు. తరువాత మా మిల్లు ఆయనను పిలవలేదు, మదురై నుంచి వేరేవాళ్లను తెచ్చుకుంది. ఒక మిల్లు వద్దన్న మనిషిని మిగతా మిల్లులు కూడా మెల్లగా మానేశాయి. నేను ఆ గొట్టాన్ని వంచాను, బాయిలరు గదిలో కరుపట్టి డబ్బా ఒకటి పెట్టాను. అంతకుమించి నా వల్ల కాలేదు. సిగ్గుగా ఉంది చెప్పడానికి, ఉద్యోగం పోతుందన్న భయం ఆ తరువాత అలవాటై, చెప్పకపోవడమే నాకు మామూలైపోయింది.

నాలుగేళ్ల తరువాత విరుదునగర్‌లో ఒక కాఫీ హోటల్లో ఆయన కనబడ్డాడు. కిరసనాయిలు స్టవ్వులు బాగుచేస్తున్నాడు. అదే తెల్ల పంచె. స్టవ్వు విప్పి బిగించి, వెలిగించే ముందు కరుపట్టి నోట్లో వేసుకుని నిలబడ్డాడు. కాఫీ కోసం కూర్చున్నవాళ్లు గొణుగుతున్నారు, హోటలతను తల కొట్టుకుంటున్నాడు. చారెడు స్టవ్వుకు కూడా ఆయన బాయిలరు మర్యాదే ఇచ్చాడు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మామా, ఆ పొద్దు..." అని మొదలుపెట్టాను. ఆయన వేలెత్తి ఆగమన్నాడు. కరిగాక స్టవ్వు వెలిగించి నా వైపు తిరిగాడు.

"గొట్టం వంచితిరా?"

"వంచినాము మామా."

"గురుసామి బాగుండాడా?"

"బాగుండాడు. కొడుకు పుట్టినాడు."

"వాడితో మాట్లాడినావా నువ్వు?"

"రోజూ మాట్లాడుతాం కదా మామా, ఒకే గదిలోనే పని."

ఆయన తలూపి ఇంకో స్టవ్వు అందుకున్నాడు. ఊరికే కుశలం అడిగాడనుకుని రైలెక్కి వచ్చేశాను. మళ్లీ ఆయనను చూడలేదు.

పోయిన వారం బండివాడు వెళ్లిపోయాక, ముక్కను ఒక దవడకు నెట్టుకుని, బర్నరు ముందు మొదటిసారి ఆ కట్టుబాటు తప్పాను.

"గురుసామీ, ఆ నిమ్మకాయ గుచ్చింది నేను. నువ్వు ఠాణాకు పోయుండేవాడివి. మామకు చెడ్డపేరు వచ్చింది కూడా నా వల్లనే. నేను నోరు తెరవలేదు" అన్నాను.

గురుసామి నన్ను చూడలేదు. గూట్లోని డబ్బా తీశాడు. మాట్లాడినందుకు మళ్లీ మొదటినుంచి అన్నమాట. ఒక కొత్త ముక్క నా చేతిలో పెట్టి, ఇంకొకటి తన నోట్లో వేసుకున్నాడు. ఇద్దరం చల్లటి పొయ్యి ముందు నిలబడ్డాం. అతను తిడతాడా, కొడతాడా, జన్మలో మాట్లాడడా, ఏదీ తెలియదు. తొమ్మిదేళ్లు ఒకే గిన్నెలో సంగటి తిన్న మనిషి. నా కూతురికి చెవులు కుట్టించిన రోజున ఒళ్లో కూర్చోబెట్టుకున్నవాడు.

అతను గుటక వేశాడు.

"తెలుసు" అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"ఆ సాయంత్రమే. రైలెక్కించేదానికి నేను పోతిని కదా. మామ రొండిలోనుంచి కాయ తీసి చూపించె. ఎవురు పెట్టిందని అడిగితిని. వాడే వచ్చి చెప్తాడు, నువ్వు అడగొద్దు, అనె. తొట్టి కాడికి ఎక్కేది నువ్వు తప్ప ఇంకెవురు?"

"తొమ్మిదేండ్లు అయిపోయె కదరా."

"కరిగేదాకా ఉండమనె" అని గురుసామి కడ్డీని నా చేతికిచ్చి, అగ్గిపుల్ల గీసి గుడ్డకు పెట్టాడు. "ఇంగ అంటించు."